ఆ మెయిల్ అప్పుడే పంపకు అమ్మలూ

అమ్మలూ,

ఫ్లాట్ ఇవ్వకుండా తిప్పుతున్న బిల్డర్‌కి నువ్వు పెడదామని రాసుకున్న మెయిల్ రాత్రి రెండుసార్లు చదివాను. కోపం న్యాయమే, తేదీలతో సహా బాగా రాశావు, కానీ చివర్లో "మీ క్లాజు ప్రకారం ఆర్బిట్రేషన్‌కి నేను రెడీ, ఎవర్ని పెట్టుకుంటారో పెట్టుకోండి" అన్నావు చూడు, ఆ లైను తీసేదాకా సెండ్ నొక్కకు. ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకి బదులు ఆర్బిట్రేటర్ అనే ప్రైవేటు మనిషితో తీర్పు చెప్పించుకోవడం.

నేనూ ఒకప్పుడు ఇలాగే ఎగిరిపడ్డవాణ్ణే. ఒక వెంచర్‌లో ప్లాటు కొంటే రిజిస్ట్రేషన్ చెయ్యకుండా తిప్పారు, అగ్రిమెంటులో రాసుంది కదా అని ఆర్బిట్రేషన్‌కి తల ఊపాను. ఆర్బిట్రేటర్‌ని పెట్టింది వాళ్ళే, సిట్టింగులు చెన్నైలో, ఫీజులో సగం నాది. రైలు టిక్కెట్లూ లాడ్జి ఖర్చులూ కలిపితే కట్టిన అడ్వాన్సులో సగం దాకా అయ్యింది, ఐదో సిట్టింగుకి నేను వెళ్ళనే లేదు, వాళ్ళకి కావాల్సిందీ అదే.

అసలు సంగతేంటంటే, ఆ క్లాజు ఉన్నా నువ్వు కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 100లో, ఈ చట్టం మిగతా చట్టాలకి అదనమే గానీ వాటిని కాదనేది కాదు అని ఉంది, పాత 1986 చట్టంలో కూడా సెక్షన్ 3 ఇదే మాట. దీని మీద మంచి కేసు మనవాళ్ళదే. విత్తనాలు నాసిరకమై పంట పోయిందని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద కన్స్యూమర్ ఫోరాలకి (ఇప్పుడు కమిషన్లంటున్నవే) వెళ్తే, ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది కదా ఇక్కడికెందుకొచ్చారు అని కంపెనీ అడ్డుపడింది, 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. కానీ అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది, మనకి ముఖ్యం అదే. ముందు ఫోరానికి వెళ్తే క్లాజు చూపించి ఆపలేరు, ముందే ఆర్బిట్రేషన్ ఎంచుకుంటే మాత్రం తర్వాత ఫోరానికి రాలేడని అనొచ్చు అంది. నీ మెయిల్లో ఆ ఒక్క లైను ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడర్థమైందా?

2015లో ఆర్బిట్రేషన్ చట్టాన్ని సవరించాక బిల్డర్లు మళ్ళీ ఎత్తుకున్నారు, క్లాజు ఉంటే గొడవని ఆర్బిట్రేషన్‌కి పంపాలనే సెక్షన్ 8 మారింది కాబట్టి ఇక అందరూ ఆర్బిట్రేషన్‌కే పోవాలని. ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే బిల్డర్ కేసులో 2017లో జాతీయ కన్స్యూమర్ కమిషన్, 2018 డిసెంబర్లో సుప్రీంకోర్టు రెండూ ఒప్పుకోలేదు. అయినా మీ బిల్డర్ లాయరు సెక్షన్ 8 కింద పిటిషన్ వేస్తాడు, వెయ్యనీ, కంగారు పడకు.

డాలస్‌లో ఉన్న మీ అన్నయ్య సంగతి వేరు, అక్కడ ఇంత తేలిక కాదు. సెల్‌ఫోన్ ఫ్రీ అని చెప్పి దాని మీద 30 డాలర్ల చిల్లర టాక్స్ వసూలు చేశారని వేసిన ఏటీ అండ్ టీ కేసులో, 2011లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ వైపే నిలబడింది, అందరూ కలిసి క్లాస్ యాక్షన్ వెయ్యకూడదన్న క్లాజు చెల్లుతుందని. ముప్ఫై డాలర్ల కోసం ఒంటరిగా ఎవరు పోరాడతారు చెప్పు. కొన్ని కంపెనీల కాంట్రాక్టుల్లో, సంతకం పెట్టిన కొన్నాళ్ళలోపు ఆర్బిట్రేషన్ వద్దని రాసిచ్చే వీలుంటుంది, వాడిని కొత్త కాంట్రాక్టు తీసుకున్నప్పుడల్లా అది వెతుక్కోమను.

ఆర్బిట్రేషన్ అంటేనే మోసం అనట్లేదు నేను. గొడవ వచ్చాక ఇద్దరూ కూర్చుని ఒక మనిషిని ఒప్పుకుంటే త్వరగా తేలుతుంది కూడా. ఎందుకంటే మన కమిషన్లు కూడా ఏం పరిగెత్తవు, చట్టంలో మూడు నెలలని ఉంటుంది గానీ ఏళ్ళు పడుతుంది, ఆ ఓపిక ముందే తెచ్చిపెట్టుకో. కానీ నలభై పేజీల అగ్రిమెంటులో ఇరవయ్యేడో క్లాజుగా ఇరికించి, ఫ్లాట్ కావాలంటే సంతకం పెట్టు అన్నదాన్ని ఒప్పందం అంటే నాకు నవ్వొస్తుంది.

ఇంక చెయ్యాల్సిన పని. నువ్వు కట్టింది 45 లక్షలు కాబట్టి జిల్లా కమిషన్ సరిపోతుంది, 50 లక్షల దాకా వాళ్ళదే, ఫీజు వెయ్యి రూపాయలు. బిల్డర్ ఆఫీసు ఎక్కడున్నా నువ్వుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, ఇది 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు. కేసు వెయ్యడానికి గడువు రెండేళ్ళు, ఫ్లాట్ చేతికివ్వనంత కాలం ఆ గడువు తీరిపోదని కోర్టులు అన్నాయి గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకు. మెయిల్‌కి బదులు పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో నోటీసు పంపుదాం, అందులో ఆర్బిట్రేషన్ అన్న మాటే ఉండకూడదు. రెరా, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ అథారిటీ, అది కూడా ఒక దారే, దాని గురించి ఫోన్లో మాట్లాడదాం, రాస్తే పెద్ద కథ అవుతుంది.

రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ ఇరవయ్యేడో క్లాజు ఉన్న పేజీ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి. వాళ్ళు ఏదైనా పేపరు మీద సంతకం అడిగితే మామయ్యని అడిగి పెడతానను, నన్ను చెడ్డవాణ్ణి చేసినా పర్లేదు. ముందు ఆ డ్రాఫ్ట్ డిలీట్ చేశానని ఒక మెసేజ్ పెట్టు, మీ అత్తయ్య పొద్దున్నించీ మూడుసార్లు అడిగింది.

మీ మామయ్య