వాన నీళ్ళను గేటు బయటికి పంపకు తల్లీ

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంటి పని పూర్తి కావొచ్చిందని, చుట్టూ టైల్స్ పరిచేస్తే గృహప్రవేశం పెట్టుకోవచ్చని మేస్త్రి అంటున్నాడని ఫోన్‌లో చెప్పావు. ఆ టైల్స్ పని ఆపించు. ముందు వాన నీళ్ళ సంగతి తేల్చుకోండి. ఒకసారి గచ్చు చేశాక మళ్ళీ పగలగొట్టడానికి ఎవరికీ మనసొప్పదు. ఇన్నేళ్ళు ఇళ్ళు కట్టించినవాడిగా చెబుతున్నాను.

మీ స్థలం మధురవాడలో కొండ వాలున ఉంది. అక్కడ పడ్డ చినుకు అక్కడ ఆగదు. మన విశాఖ తీరే అంత, ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, మధ్యలో గెడ్డలు, అంటే కొండల మీంచి దిగే వాగులు. పైవాళ్ళు వదిలిన నీళ్ళే కిందివాళ్ళ గుమ్మంలోకి వస్తాయి. పల్లంలో ఉన్న జ్ఞానాపురం, చావులమదుం దగ్గర నీళ్ళు నిలిచినప్పుడల్లా కాలువల్లో పూడిక తీయలేదని అంటాం. అదీ నిజమే. కానీ ఎగువ వీధుల్లో పెరళ్ళన్నీ గచ్చులైపోవడం ఎవరికీ గుర్తు రాదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

లెక్క చాలా తేలిక. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్ళు. మీ డాబా 100 చదరపు మీటర్లు అనుకుందాం. 50 మిల్లీమీటర్ల వాన మనకు అక్టోబరులో వింతేమీ కాదు. అది పడితే 5,000 లీటర్లు, వేసవిలో డబ్బిచ్చి తెప్పించుకునే ట్యాంకరంత! ఆ నీళ్ళను పైపు పెట్టి నేరుగా రోడ్డు మీదికి వదిలేయడం ఏం న్యాయం?

అందుకని మొదట డాబా పైపుల దిక్కు మార్పించు. అవి గేటు వైపు కాకుండా పెరట్లోకి తెరుచుకోవాలి. పైపు నోటి దగ్గర నాలుగు పెద్ద రాళ్ళు వేయించు, లేకపోతే ధారకి మట్టి కోసుకుపోతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశావుగా, ఆ లోయలన్నీ నీళ్ళు కోసినవే. మీ పెరట్లోదీ ఎర్రమట్టే.

అక్కడినుంచి రాళ్ళు పరిచిన చిన్న కాలువలో నీళ్ళు ఒక పల్లపు మడిలోకి చేరాలి. మడి లోతు 6 నుంచి 8 అంగుళాలు చాలు. పునాదికి 10 అడుగుల దూరంలో ఉండాలి. అడుగు భాగం చదునుగా ఉంచి, పల్లం వైపు మట్టితో చిన్న గట్టు వేయించు. ఆ గట్టులో ఒకచోట కాస్త తగ్గించి రాళ్ళు పేర్పిస్తే, తుఫాను వానలకి మడి నిండినప్పుడు మిగులు నీళ్ళు అక్కడినుంచి నెమ్మదిగా వీధి కాలువలోకి పోతాయి. తవ్విన మట్టిలో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి తిరిగి పోయించు. జిగట మట్టి మాత్రం తేనివ్వకు.

ఒక్క విషయంలో జాగ్రత్త. మీ స్థలం చివర వాలును నిలబెట్టడానికి రాతిగోడ కట్టించారు. దాని వెనకాల, అంటే మట్టి ఆనుకున్న మీ వైపు, మడి గానీ, ఇంకుడు గుంత గానీ వద్దు. నీళ్ళు ఇంకి మట్టి బరువెక్కితే గోడ మీద ఒత్తిడి పెరిగి కూలుతుంది, కింద ఇళ్ళున్నాయి. గోడలో నీళ్ళు బయటికి రావడానికి కన్నాలు పెట్టారో లేదో అల్లుడుగారిని స్వయంగా చూడమను. లేకపోతే ఇంజినీరుని పిలిపించండి. ఇది మేస్త్రి మాట మీద వదిలేసేది కాదు. ప్లానులో ఇంకుడు గుంత గీయించారు కదా, అది ఎక్కడ తవ్వాలో కూడా ఆ ఇంజినీరునే అడగండి.

కారు పెట్టే చోట పేవర్ బ్లాకులు వేయించుకో. అయితే కింద కాంక్రీటు పోసేయడం మనవాళ్ళకి అలవాటు. అలా చేస్తే బ్లాకులు వేసీ లాభం లేదు. కింద కంకర, దాని మీద సన్న రాతి చిప్స్, బ్లాకుల సందుల్లోనూ చిప్సే ఉండాలి. సిమెంటు పూయనివ్వకు.

మొక్కల సంగతి నీకే తెలుసు. మడిలో మెట్టతామర, గట్టు మీద వట్టివేరు, నిమ్మగడ్డి పెట్టు. వట్టివేరు వేళ్ళు లోతుకి దిగి మట్టిని పట్టుకుంటాయి. అంచుల్లో మందారం, నందివర్ధనం బాగుంటాయి. తురాయి, నిద్రగన్నేరు ఇంటి పక్కన వద్దు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఎన్ని చెట్లు పడ్డాయో మనం కళ్ళారా చూశాం.

దోమలొస్తాయని మీ అత్తగారు టెన్షన్ పడుతున్నారన్నావు. ఆవిడ భయంలో న్యాయం ఉంది. గుడ్డు దోమ కావడానికి దాదాపు వారం పడుతుంది, మడిలో నీళ్ళు ఒక రోజులో ఇంకిపోవాలి. ఇంకుతాయో లేదో ముందే తెలుసుకోవచ్చు. మడి అనుకున్న చోట అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళతో నింపు. అవి ఇంకాక మళ్ళీ నింపి, గంటకి ఎంత దిగిందో స్కేలుతో కొలువు. అరంగుళమైనా దిగకపోతే ఆ చోటు పనికిరాదు, ఇంకోచోట చూద్దాం.

ఈ ఆదివారం కొలిచి ఫోన్ చెయ్యి. మేస్త్రి ఈలోగా కూలీలతో వచ్చేస్తే లోపలి పనులు అప్పజెప్పు, పెరడు మాత్రం ముట్టుకోనివ్వకు.

మీ మామయ్య