సౌదీలో జరిగే మిస్టరీ నవలలో నాయిక స్వేచ్ఛ ఎక్కడ చిక్కుకోవాలి?

ప్రశ్న ఇది: "సౌదీకి నర్సుగా వెళ్లిన తెలుగమ్మాయి నాయికగా మిస్టరీ నవల రాస్తున్నాను. ఆమె రూమ్‌మేట్ ఒక రోజు కనిపించకుండా పోతుంది. నాయిక ఆ దేశపు కట్టుబాట్ల మధ్య నిజం తెలుసుకోవాలి. అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా, కథ నమ్మేలా ఉండాలంటే ఏం చూసుకోవాలో చెబుతారా?"

నేను రచయితని కాదండీ, నర్సుని. 2008 చివర్లో రియాద్‌లో ఒక ఆస్పత్రికి వెళ్లి 2017లో వచ్చేశాను. నైట్ డ్యూటీల్లో డిటెక్టివ్ నవలలు నమిలేసే అలవాటు ఉంది కాబట్టి, ఆ ధైర్యంతో రాస్తున్నాను.

మొట్టమొదట మీ కథ ఏ ఏడాదిలో జరుగుతుందో తేల్చుకోండి. మిగతా దేశాల సంగతి ఏమో గానీ సౌదీ విషయంలో ఇది తప్పితే కథంతా తప్పుతుంది. ఆడవాళ్లు కారు నడపడం 2018 జూన్ 24న మొదలైంది. ముతవ్వాలు, అంటే మతపోలీసులు, ఎవరినైనా పట్టుకునే అధికారం 2016 ఏప్రిల్‌లో పోగొట్టుకున్నారు. 21 దాటిన సౌదీ మహిళ ఇంట్లో మగవాళ్ల అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకుని ప్రయాణం చేయొచ్చని 2019 ఆగస్టులో చెప్పారు. మనలాంటి వాళ్లకు కఫీల్, అంటే మనకు వీసా ఇప్పించి పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకోకపోయినా ఎగ్జిట్ రీఎంట్రీ వీసా, అంటే దేశం దాటి మళ్లీ తిరిగొచ్చే అనుమతి, తీసుకునే వీలు 2021 మార్చిలో వచ్చింది, అదీ ఇళ్లలో పనిచేసేవాళ్లకు వర్తించలేదు. 2010లో కథ పెట్టి నాయిక చేతికి స్టీరింగ్ ఇచ్చారనుకోండి, అక్కడ ఉండి వచ్చినవాళ్లు పుస్తకం మూసేస్తారు. నా సలహా అడిగితే 2012, 2013 ప్రాంతం పెట్టుకోండి. అప్పుడు తలుపులన్నీ మూసే ఉన్నాయి, కానీ కొన్ని కిర్రుమంటున్నాయి.

ఇక స్వేచ్ఛ సంగతి. నేను దిగిన రోజే ఆఫీసువాళ్లు పాస్‌పోర్టు తీసుకున్నారు. ఉద్యోగి పాస్‌పోర్టు యజమాని అట్టిపెట్టుకోవడం అక్కడి నిబంధనల ప్రకారం కూడా తప్పే. కానీ అడిగేదెవరు? చేతికి ఇకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, ఇచ్చారు, మిగతా రెండు వందల మంది పాస్‌పోర్టులతో పాటు నాదీ బీరువాలోకి వెళ్లింది. మూడో ఏడు అమ్మకు ఆపరేషన్ అని కబురొచ్చింది. ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టించాల్సిన క్లర్కు సెలవులో ఉన్నాడు, బీరువా తాళం అతని దగ్గరే ఉంది. ఆరు రోజులు. నేను ఇంటికి చేరేసరికి అమ్మ కుట్లు విప్పించుకుని వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. ఆ ఆరు రోజుల్లో నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఆపలేదు. అందరూ "ఇన్షా అల్లా రేపు" అన్నారు, అంతే. మీ నాయికకు గొలుసులు, కొరడాలు అక్కర్లేదండీ. ఒక బీరువా తాళం చాలు.

ఇలా చెబితే సౌదీ ఆడవాళ్లు మనకన్నా నిస్సహాయులు అనుకుంటారు, చాలామంది అలాగే రాస్తారు కూడా. మా వార్డులో ఒక సౌదీ డాక్టరమ్మ ఉండేది, యాభై దాటింది, భర్త పోయాడు. అప్పటి రూలు ప్రకారం ఆమెకు గార్డియన్, అంటే ప్రయాణాల్లాంటి వాటికి అనుమతి ఇవ్వాల్సిన ఇంటి మగమనిషి, కాలేజీలో చదువుకుంటున్న సొంత కొడుకు. 2012 చివర్లో ఇంట్లో ఆడవాళ్లు దేశం దాటితే గార్డియన్ ఫోన్‌కి మెసేజ్ వెళ్లే పద్ధతి పెట్టారు. ఆమె కాన్ఫరెన్సుకి బహ్రెయిన్ వెళ్తుంటే వంతెన దాటగానే కొడుకు ఫోన్ చేశాడట, "అమ్మా, నువ్వు దేశం దాటావని ప్రభుత్వం నాకు చెప్పింది, వచ్చేటప్పుడు చాక్లెట్లు తే" అని. ఈ కథ చెప్పి పగలబడి నవ్వేది. కానీ ఆ నవ్వు అయ్యాక ఒక క్షణం ఆగేది, అది నాకిప్పటికీ గుర్తు. అదే మనిషి, నా పాస్‌పోర్టు నా దగ్గర లేదని తెలిసి నోరు వెళ్లబెట్టింది. ఆమె ఉద్యోగం ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలదు, కొడుకు అనుమతి లేకుండా దేశం దాటలేదు. మా నాన్నని అడక్కుండా నేను దేశాలు దాటాను, కఫీల్ ఒప్పుకోకుండా ఉద్యోగం మానలేను. నన్ను చూసి ఆమె జాలిపడేది, ఆమెను చూసి నేను. మీ నవలకు ఇంతకన్నా మంచి జంట దొరకదు. నాయికకు తోడు ఇలాంటి ఒక సౌదీ స్నేహితురాలిని పెట్టండి. ఒకరికి మూసి ఉన్న తలుపు ఇంకొకరికి తెరుచుకుంటుంది, ఇద్దరూ కలిస్తేనే విషయం బయటపడుతుంది.

ఇప్పుడు రూమ్‌మేట్ మాయం కావడం. ఇక్కడే మీ కథకు అసలు పట్టు ఉంది. మన దగ్గర మనిషి కనిపించకపోతే మిస్సింగ్ కేసు పెడతాం. నేనున్న రోజుల్లో అక్కడ ఉద్యోగి రాకపోతే కఫీల్ హురూబ్ పెట్టేవాడు, అంటే "పారిపోయింది" అని కంప్యూటర్‌లో ఎక్కించేవాడు. ఆ క్షణం నుంచి కేసు కనిపించకుండా పోయిన మనిషి మీదే. ఇకామా చెల్లేది కాదు, ఎవరైనా పనిస్తే వాళ్లకీ శిక్ష, కనబడితే పట్టుకుని పంపించేసేవారు. అంటే ఆమెను ఎవరైనా చంపేసి ఉంటే, హంతకుడు చేయాల్సిందల్లా ఆమెకు హురూబ్ పడేలా చూడటం. పోలీసులు వెతికేది నేరస్తురాలిని, బాధితురాలిని కాదు. స్నేహితులు కూడా "పోయిందిలే, ఎక్కడో ఎక్కువ జీతానికి చేరింది" అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం ఒకావిడ గురించి, మా హాస్టల్‌లో. ఆవిడ బతికే ఉందిలెండి, భయపడకండి. జెడ్డాలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఉండిపోయింది. 2017 మార్చిలో 90 రోజుల ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటించినప్పుడు, జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చంటే క్యూలో నిలబడి మాకు ఫోన్ చేసింది. మీరు కథని అప్పటిదాకా లాగితే ఇది వాడుకోవచ్చు: ఆమ్నెస్టీ వచ్చింది, పారిపోయినవాళ్లంతా ఒక్కొక్కరే బయటికొస్తున్నారు, ఆ అమ్మాయి మాత్రం రాలేదు. నాయికకు అనుమానం గట్టిపడాల్సింది అక్కడ.

ఆధారాల గురించి. అబాయా, అంటే ఆడవాళ్లు ఒంటినిండా కప్పుకునే పొడుగాటి అంగీ, వేసుకుని హంతకుడు తప్పించుకున్నాడని దయచేసి రాయకండి. అబాయాలో అందరూ ఒకేలా ఉంటారన్నది బయటివాళ్ల నమ్మకం. రెండేళ్లు ఉంటే నడక, చెప్పులు, బ్యాగు, చేయి ఊపే తీరు చూసి లాబీ అవతలి నుంచే మనిషిని గుర్తుపట్టేస్తాం. నిఖాబ్, అంటే కళ్లు తప్ప ముఖమంతా కప్పే ముసుగు, వేసుకున్న పేషెంట్లను నేను వాళ్ల దగ్గుని బట్టి గుర్తుపట్టేదాన్ని. మారువేషం పనిచేయకపోవడమే మంచి ఆధారం. "ఆ రోజు బస్సెక్కింది ఆమె కాదు, ఆమె అబాయా మాత్రమే" అని నాయిక గుర్తుపట్టాలి.

హాస్టల్ గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది. ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు, ఇకామా నంబరు. మాకు ఆ పుస్తకం అంటే ఒళ్లు మండేది. కానీ మనల్ని కట్టిపడేసిన పుస్తకమే రేపు సాక్ష్యం అవుతుంది. ఇకామా నంబరు పది అంకెలు, విదేశీయులది 2తో మొదలవుతుంది, సౌదీ పౌరులది 1తో. ఆడ నర్సుల హాస్టల్ రిజిస్టరులో 1తో మొదలయ్యే నంబరు ఒకటి కనిపించిందంటే... ఇక మీరు చూసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రోజుల లెక్క. అక్కడి లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకని వాళ్లు "లైలతుల్ జుమా" అంటే, శుక్రవారం రాత్రి అని మనం అనుకుంటాం, వాళ్ల ఉద్దేశం మన గురువారం రాత్రి. మా ల్యాబ్ టెక్నీషియన్ చెల్లెలి పెళ్లికి పిలిచింది. నేను డ్యూటీ మార్చుకుని, కొత్త డ్రెస్ కుట్టించుకుని, శుక్రవారం సాయంత్రం హాలు ముందు దిగాను. వాచ్‌మన్ ఒక్కడే కుర్చీలు సర్దుతున్నాడు. పెళ్లి ముందురోజే అయిపోయింది. ఆ పిల్ల ఇప్పటికీ నన్ను ఏడిపిస్తుంది. ఇదే తప్పు మీ నాయిక సాక్షి మాటల్లో చేసిందనుకోండి, ఆమె ఒక రోజంతా తప్పు చోట వెతుకుతుంది. హంతకుడు చూపించిన ఎలిబీ బలంగా ఉండటానికి కారణం అతని తెలివి కానే కాదు, మన పిల్లకు అరబీ సగమే తెలియడం. అన్నట్టు, వారాంతం కూడా 2013 జూన్ దాకా గురు, శుక్రవారాలు. తర్వాతే శుక్ర, శనివారాలైంది. హిజ్రీ ఏడాది, అంటే చంద్రుణ్ని బట్టి లెక్కించే ఇస్లామిక్ ఏడాది, మన క్యాలెండరు కన్నా దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి హిజ్రీ తేదీలో రాసిన గడువు మనం అనుకున్నదానికన్నా ముందే అయిపోతుంది. ఇందులోనూ ఒక మలుపు ఉంది.

ముగింపులో పోలీసులు బేడీలు వేయగానే కథ అయిపోయిందనుకోకండి. హత్య కేసులో చనిపోయినవాళ్ల వారసులు క్షమించొచ్చు, దియా అంటే రక్తధనం తీసుకుని వదిలేయొచ్చు, లేదా శిక్షే కావాలనొచ్చు. వారసులు చిన్నపిల్లలైతే వాళ్లు పెద్దయ్యేదాకా ఆగిన కేసులు ఉన్నాయి. అంటే చివరి నిర్ణయం ఎక్కడో ఊళ్లో ఉన్న ఆ అమ్మాయి తల్లి చేతికి వస్తుంది. సౌదీ కోర్టు ముందు ఆమె ఏమంటుందన్నది మీరు రాయాలి. నాకైతే ఊహించడం కూడా కష్టంగా ఉంది.

చివరిగా పేర్లు. అరబీలో ప లేదు, చ లేదు, వ అనే మన శబ్దానికి ఎలా రాస్తారో ఆ రోజు కౌంటర్‌లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పద్మ అక్కడ బద్మ. నా పేరు పతో మొదలవుతుంది, తొమ్మిదేళ్లు బతోనే పలికాను. ఒకసారి నా జీతం ఇంకో అమ్మాయి ఖాతాలో పడి, అది తేలడానికి నెల పట్టింది. మీ రూమ్‌మేట్ పేరు పతోనో చతోనో మొదలయ్యేలా పెట్టండి. నాయిక ఆస్పత్రుల్లో, మార్చురీలో అసలు పేరుతో అడుగుతుంది, ప్రతిచోటా లేదంటారు. తప్పు స్పెల్లింగ్‌తో అడగాలని ఆమెకు ఏ పేజీలో తట్టాలో మీ ఇష్టం.