రూఫ్ వేసేవాడే క్లెయిమ్ కూడా మాట్లాడతానంటే..?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా వడగళ్ళవే. డాలస్ చుట్టుపక్కల ఏప్రిల్, మే వచ్చాయంటే అంతేగా, ఆకాశం పచ్చగా మారిందంటే కార్లు గరాజ్‌లోకి తోసెయ్యడం, మర్నాడు తలుపు కొట్టే రూఫింగ్ వాళ్ళని లెక్కపెట్టుకోవడం. నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నా.

మాది ఫ్రిస్కో. వడగళ్ళు పడ్డ మర్నాడే ఒకాయన వచ్చి రూఫ్ ఎక్కి చూసి, ఫుల్ రీప్లేస్‌మెంట్ వస్తుందండీ, ఇన్సూరెన్స్ వాళ్ళతో నేనే మాట్లాడి సెటిల్ చేయిస్తా, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) కూడా మీరు కట్టక్కర్లేదు అన్నాడు. మా ఆవిడ సంతకం పెట్టెయ్ అంటోంది. పెట్టొచ్చా?

పెట్టకండి సార్. ఆయన చెప్పిన మూడు మాటల్లో మొదటిది నిజమై ఉండొచ్చు, మిగతా రెండూ టెక్సాస్‌లో కుదరవు.

ఇంటి ఓనర్ తరఫున ఇన్సూరెన్స్ కంపెనీతో క్లెయిమ్ బేరమాడి, దానికి డబ్బు తీసుకునేవాణ్ణి పబ్లిక్ అడ్జస్టర్ అంటారు. పేరులో పబ్లిక్ ఉంది కదా అని గవర్నమెంట్ మనిషి అనుకోకండి, మీరు పెట్టుకునే మనిషే. ఇన్సూరెన్స్ కంపెనీ పంపే అడ్జస్టర్ వాళ్ళ మనిషి, ఇతను మీ మనిషి. ఈ పని చెయ్యాలంటే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్, అదే అందరూ టీడీఐ అంటారు, వాళ్ళ దగ్గర లైసెన్స్ ఉండాలి. ఇన్సూరెన్స్ కోడ్‌లో 4102వ చాప్టర్ మొత్తం దీని గురించే. అందులోనే ఇంకో మాట కూడా ఉంది, ఏ ఇంటికి రూఫ్ వేస్తున్నాడో ఆ ఇంటి క్లెయిమ్‌కే కాంట్రాక్టర్ పబ్లిక్ అడ్జస్టర్‌గా ఉండకూడదు, లైసెన్స్ ఉన్నా సరే. ఎందుకో మీకే తెలుస్తుంది, క్లెయిమ్ ఎంత పెరిగితే ఆయన బిల్లు అంత పెరుగుతుంది, ఇంక మీ తరఫున మాట్లాడేదెవరు? ఇది మా మాట్లాడే హక్కుకి అడ్డం అని ఒక రూఫింగ్ కంపెనీ కోర్టుకెళ్తే 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీం కోర్టు టీడీఐ వైపే తీర్పిచ్చింది. తన ఎస్టిమేట్ ఏంటో, ఏ పనికి ఎంతో కంపెనీ అడ్జస్టర్‌కి వివరించడం వరకు రూఫర్‌కి తప్పులేదు. మీ పాలసీలో ఏది కవర్ అవుతుంది, ఎంత ఇవ్వాలి అని వాదించడం మొదలెట్టాడా, గీత దాటినట్టే.

డిడక్టిబుల్ సంగతి. 2019 సెప్టెంబర్ 1 నుంచి డిడక్టిబుల్ మాఫీ చేస్తానని కాంట్రాక్టర్ అనడమే నేరం. మన వాళ్ళు దీన్ని డిస్కౌంట్ అనుకుంటారు. ఐదు లక్షల డాలర్ల ఇంటికి వడగళ్ళ డిడక్టిబుల్ 2 శాతం అంటే పది వేలు, అంత డబ్బు ఎవరూ ఊరికే వదులుకోరు కదా, ఎక్కడో బిల్లులో కలుపుతాడు, ఆ అబద్ధపు బిల్లు మీ క్లెయిమ్ మీదే వెళ్తుంది. పైగా డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపించమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగొచ్చు, అప్పుడేం చూపిస్తారు?

మా వీధిలోనే ఒకాయన ఇలాగే సంతకం పెట్టేసి ఆ కాగితాలు తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా షింగిల్స్ రంగులు, వారంటీ, మంచి ఫోటోలు. మూడో పేజీలో కింద చీమ తలకాయంత అక్షరాల్లో, సెటిల్‌మెంట్ మాట్లాడే అధికారం ఓనర్ మాకే ఇస్తున్నాడు అని ఒక లైను. లైసెన్స్ నంబర్ కోసం వెతికితే నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అసలైన పబ్లిక్ అడ్జస్టర్ కాంట్రాక్ట్ చూడగానే తెలిసిపోతుంది, మేము పాలసీదారుడి తరఫున మాత్రమే అని పెద్ద ఒత్తు అక్షరాల్లో ఉండాలి, మనిషి పేరు, లైసెన్స్ నంబర్ ఉండాలి, సంతకం పెట్టాక 72 గంటల్లోపు రాతపూర్వకంగా చెప్పి రద్దు చేసుకోవచ్చని ఉండాలి. ఫీజు క్లెయిమ్ సెటిల్‌మెంట్‌లో 10 శాతం దాటకూడదు. లైసెన్స్ లేనివాడితో చేసుకున్న అలాంటి కాంట్రాక్ట్‌ని ఓనర్ రద్దు చేసుకోవచ్చు, ఆ పనికి వాడికి పైసా ఇవ్వక్కర్లేదు. మా వీధి ఆయన ఆ లెటర్ రాశాకే ఫోన్లు ఆగాయి. మీరు అంతవరకు తెచ్చుకోకండి, టీడీఐ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూస్తే రెండు నిమిషాల పని.

నేను H4 EAD (H1B వర్క్ వీసా వాళ్ళ భార్య లేదా భర్తకి వచ్చే వర్క్ పర్మిట్) మీద ఉన్నాను, ఇండియాలో సివిల్ ఇంజనీరింగ్ చేశాను. పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్స్ నాకు ఇస్తారా? మా వారు H1B, ఆయన వీకెండ్స్ చెయ్యొచ్చా?

మీకు వస్తుందమ్మా, ఆయన మాత్రం ఆ ఆలోచనే మానుకోవాలి. టెక్సాస్ చట్టం సిటిజన్ అయ్యుండాలి, లేదంటే ఇక్కడ పనిచెయ్యడానికి ఉన్న ఫెడరల్ రూల్స్ అన్నీ పాటించి ఉండాలి అంటుంది. EAD చేతిలో ఉంటే ఎవరి దగ్గరైనా చెయ్యొచ్చు, సొంతంగానూ పెట్టుకోవచ్చు. H1B అంటే స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇంకోటి కుదరదు, శనాదివారాలైనా సరే.

పద్ధెనిమిదేళ్ళు నిండాలి, ఎగ్జామ్ పాసవ్వాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పదివేల డాలర్ల బాండ్ చూపించాలి. బాండ్ అనగానే కంగారుపడకండి, పదివేలు బ్యాంకులో వెయ్యక్కర్లేదు, ష్యూరిటీ కంపెనీకి ఏటా కొంత ప్రీమియం కడితే వాళ్ళిస్తారు. ఒక్క చోట మాత్రం చాలామంది బోల్తా పడతారు. ఆన్‌లైన్‌లో 40 గంటల కోర్సు చేసి లైసెన్స్ తెచ్చుకున్నాం అని మన వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటారే, అది ఆల్ లైన్స్ అడ్జస్టర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున పనిచెయ్యడానికి. అది పట్టుకుని ఓనర్ తరఫున డబ్బు తీసుకుని వాదిస్తే లైసెన్స్ లేనట్టే లెక్క. మీ సివిల్ డిగ్రీ ఈ పనిలో బాగా అక్కరకొస్తుంది, డెక్కింగ్ (షింగిల్స్ కింద పరిచే చెక్క) తడిసిందా ఫ్రేమ్ కదిలిందా చూడగానే చెప్పగలిగేవాళ్ళు తక్కువ. ముందు ఒక ఏడాది ఎవరైనా లైసెన్స్ ఉన్న సీనియర్ దగ్గర చెయ్యండి, ఇది నా సలహా.

ఇంకోటి, తుఫాను ఇంకా కొడుతుండగా క్లయింట్ల కోసం తిరగకూడదని టెక్సాస్‌లో రూలు. ఫ్లోరిడాలో ఇంకా గట్టిగా ఉంటుంది, సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున 8 నుంచి రాత్రి 8 లోపే అడగాలి, ఆదివారం అసలు అడక్కూడదు.

నా పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్స్ రెన్యువల్ డేట్ దాటిపోయి రెండు నెలలైంది. ఇండియాలో నాన్నగారికి బాగోక వెళ్ళాను. మళ్ళీ ఎగ్జామ్ రాయాలా?

అక్కర్లేదండీ, కానీ ఇవాళే కూర్చుని చెయ్యండి. టెక్సాస్ లైసెన్స్ రెండేళ్ళకోసారి, అదీ మీ పుట్టినరోజుకి ఎక్స్‌పైర్ అవుతుంది (కేకు కొయ్యడంలో పడి మర్చిపోవడానికే పెట్టారేమో అని నా అనుమానం). 90 రోజుల్లోపు అయితే ఫీజుకి ఇంకో సగం కలిపి కట్టి రెన్యువల్ చేసుకోవచ్చు. 90 దాటితే రెన్యువల్ ఉండదు, కొత్తగా అప్లై చెయ్యాలి, ఏడాదిలోపైతే ఎగ్జామ్ మాత్రం తప్పుతుంది. ఏడాది కూడా దాటితే మొదటికొచ్చినట్టే.

రెండేళ్ళకి 24 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ పూర్తి చేశారా మరి? అందులో 3 గంటలు ఎథిక్స్ ఉండాలి. తక్కువైన ప్రతి గంటకీ 50 డాలర్లు ఫైన్. నేనొకసారి ఎథిక్స్ చివరికి పెట్టుకుని, పుట్టినరోజు ముందు రాత్రి పదకొండింటికి క్విజ్ కొడుతూ కూర్చున్నా, లోపల ఇంటిల్లిపాదీ బెలూన్లు ఊదుతున్నారు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎక్స్‌పైర్ అయిన ఈ రెండు నెలల్లో ఎవరితోనూ కొత్త కాంట్రాక్ట్ రాసుకోకండి, పాత ఫైళ్ళ మీద కంపెనీతో మాట్లాడ్డం కూడా ఆపండి. ఫైన్ కట్టి తీరిపోయేది వేరు, లైసెన్స్ లేకుండా చేశాడని ఫైల్లో పడేది వేరు.

విజయవాడలో మాది కిరాణా షాపు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు వచ్చి సరుకంతా పోయింది. సర్వేయర్ తక్కువ రాశాడు. మా అబ్బాయి టెక్సాస్ నుంచి పబ్లిక్ అడ్జస్టర్‌ని పెట్టుకో నాన్నా అంటున్నాడు. మనకి ఉంటారా?

మనకి ఆ లైసెన్సే లేదండీ. మన దగ్గర లైసెన్స్ ఉండేది సర్వేయర్ అండ్ లాస్ అసెసర్‌కి, ఇచ్చేది IRDAI, అంటే ఇండియాలో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే సంస్థ, ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. ఆయన్ని పెట్టేదీ ఫీజు ఇచ్చేదీ ఇన్సూరెన్స్ కంపెనీయే, అయినా రిపోర్ట్ న్యాయంగా రాయాలన్నది రూలు. క్లెయిమ్ నేను చూసిపెడతా, పర్సెంటేజ్ ఇవ్వండి అని ఎవరైనా వస్తే ఆయన దగ్గర అలాంటి లైసెన్స్ ఉండదని తెలుసుకోండి.

సర్వే రిపోర్ట్ కాపీ రాతపూర్వకంగా అడగండి, మీ స్టాక్ రిజిస్టర్, జీఎస్టీ రిటర్న్స్, హోల్‌సేల్ బిల్లులు పక్కన పెట్టుకుని ఏ లైన్లో ఎంత కోశాడో గుర్తు పెట్టండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి పెట్టండి, నెల రోజుల్లో తేల్చకపోయినా, చెప్పింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు, మీలాంటి సొంత షాపు వాళ్ళకీ ఉంది. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ జవాబిచ్చాక ఏడాది లోపలే వెళ్ళాలి, అందుకని ముందు ఆ లెటర్ మీద తేదీ చూసుకోండి.