గండేరా, గటగట: అంబాజీపేటలో నా విలేకరి రోజులు

‘మండల విలేకరిగా పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ రోజుల్లో పని ఎలా ఉండేది, డబ్బులేమైనా మిగిలేవా’ అని అడిగారు. డబ్బుల సంగతి ముందే తేల్చేస్తాను. మిగల్లేదు.

1995లో డిగ్రీ అయ్యీ అవ్వగానే కోనసీమలోని అంబాజీపేటలో ఓ దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరాను. జీతం లేదు, అచ్చయిన వార్త పొడవును బట్టి లెక్క. నెలాఖరుకి నా వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద మైదాజిగురుతో అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపాలి. మొదటి నెల 180 రూపాయలొచ్చాయి. నేను అరుగు మీద కూర్చుని కొలుస్తుంటే మా నాన్న చూసి, ‘డిగ్రీ చదివి బట్టలకొట్టులో గుమాస్తా అయ్యావేంట్రా’ అన్నాడు. జవాబు చెప్పలేదు. ఆ రోజు అచ్చయిన వార్త నాలుగు సెంటీమీటర్లా, నాలుగున్నరా అన్నదే నా బెంగ.

ఫ్యాక్స్ మాకు లేదు. వార్తలు చేత్తో రాసి, కవర్ మీద ‘ప్రెస్ మేటర్, అర్జంట్’ అని పెద్దక్షరాలు వేసి, రాజమండ్రి బస్సు కండక్టర్ చేతిలో పెట్టేవాణ్ణి. బస్సు తప్పితే ఆ రోజు మా మండలంలో ఏమీ జరగనట్టే. అవతలి పత్రికలో వచ్చిన వార్త మాకు రాకపోతే దాన్ని ‘మిస్సింగ్’ అంటారు. తెల్లారి ఎస్టీడీ బూత్ కుర్రాడు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడంటే మిస్సింగే. ఆఫీసులో మా వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు పొగడటానికి ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు.

నేను పెద్ద పెద్ద కుంభకోణాలు బయటపెడదామని వెళ్లాను. నాకు అప్పజెప్పింది కొబ్బరి ధరలు. రోజూ సాయంత్రం వర్తకుల దగ్గరికెళ్లి, ఒలిచిన కాయల రాశుల మధ్య నిలబడి రాసుకోవాలి. కొత్తకొబ్బరి క్వింటాలు ఎంత, కురిడీలో, అంటే నీరింకి లోపలే ఎండిన కాయల్లో, పై రకం గండేరా వెయ్యి కాయలు ఎంత, దాని కింది రకం గటగట వెయ్యి ఎంత, పచ్చికాయ ఎంత. ఆరేడు లైన్లు. ఆ పని చిన్నతనంగా అనిపించేది. ఓ రోజు బస్సు కదిలిపోతుందన్న కంగారులో గండేరా ధర గటగటకీ, గటగట ధర గండేరాకీ వేసేశాను. డెస్క్‌లో ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున్నే రైతులు పత్రిక పట్టుకుని బేరానికి దిగారు. పదిగంటలకల్లా ఓ వర్తకుడు మా ఇంటికొచ్చాడు. కేకలెయ్యలేదు, అదే ఇంకా ఇబ్బంది. చెప్పులు బయట విప్పి, కుర్చీలో కూర్చుని, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగాక అన్నాడు: ‘ఏవండీ విలేకరి గారూ, గండేరా కంటే గటగట ఎక్కువ పలికిన రోజు మీ తాతగారు గానీ చూశారాండీ?’ నేను రాసిన రోడ్డు గుంతల గురించి, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడం గురించి నన్ను అడిగినవాళ్లు అప్పటిదాకా ఒక్కరు లేరు. ఈ ఆరు లైన్లకి ఇంటికొచ్చారు.

ప్రకటనల గొడవ కూడా చెప్పాలి. ఆగస్టు 15, సంక్రాంతి వచ్చాయంటే మాకు టార్గెట్. నిన్న ఎవరి మీద రాశామో ఇవాళ ఆయన గుమ్మంలోనే నిలబడి ‘శుభాకాంక్షల ప్రకటన ఇవ్వండి’ అని అడగాలి. నాకు ఆ పనిలో నచ్చనిదేదైనా ఉందంటే అది ఇదే. నాలుగేళ్లకి మానెయ్యడానికి సగం కారణం కూడా.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. ఫోన్లు లేవు, బస్సులు లేవు. మూడోరోజు సైకిల్ మీద కొత్తపేట మీదుగా రావులపాలెం బయల్దేరాను. తొక్కింది తక్కువ, రోడ్డుకి అడ్డంగా పడ్డ మానుల మీదుగా సైకిల్‌ని భుజాన వేసుకుని దాటింది ఎక్కువ. హైవే మీద రాజమండ్రి వైపు పోతున్న లారీ డ్రైవర్‌కి కవర్ ఇచ్చాను. పది పేజీలు రాసి ఉంటాను. అచ్చయింది తొమ్మిది సెంటీమీటర్లు. ఆ నెల కొలవాలనిపించక వదిలేశాను.

ఫోన్లు పనిచెయ్యడం మొదలయ్యాక డెస్క్ నుంచి కబురొచ్చింది, కొబ్బరి ధరలు కొన్నాళ్లు వద్దు, స్థలం లేదు అని. నాకూ సబబే అనిపించింది. మార్కెట్టే లేనప్పుడు ధరేంటి? అప్పుడు మా ఊరి రైతు ఒకాయన దారిలో ఆపాడు. ఆయన తోటలో నిలబడ్డ చెట్టు ఒక్కటి లేదు.

‘ధరలు వెయ్యట్లేదేంటండీ?’

‘అమ్మడానికేముంది బాబాయ్?’

‘పడ్డ చెట్లకి కాయలున్నాయి కదండీ. ఎంతకడుగుతారో తెలీకపోతే, వాళ్లు చెప్పిందే ధర అయిపోద్ది.’

ఆ సాయంత్రం తలుపు సగం తెరిచున్న కొట్టల్లా తిరిగాను. డెస్క్‌తో పోట్లాడితే రెండ్రోజుల తర్వాత వేశారు. గండేరా దగ్గర గీత, గటగట దగ్గర గీత, కింద పచ్చికాయ ధర ఒక్కటి.