ఆ తలనొప్పి జనరేటర్ మోత వల్లే కాకపోవచ్చు

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఫ్లాట్. వానలకు కరెంటు పోతే పాత పెట్రోల్ జనరేటర్‌ను వాష్ ఏరియాలో పెట్టి నడుపుతున్నాం. ఆ మోతకు మా అమ్మకు తలనొప్పి, వికారం వస్తున్నాయి. వయసు 66, బీపీ ఉంది. పారాసెటమాల్ వేసుకుని పడుకుంటోంది. ఆక్సిమీటర్‌లో 98 ఉంటోంది. చెవుల్లో ఏం పెట్టుకుంటే మంచిది?

జవాబు: చెవుల సంగతి తర్వాత. ముందు ఆ జనరేటర్‌ను వాష్ ఏరియాలో నడపడం ఆపండి. మనిషిని చూడకుండా ఇదేనని తేల్చలేను, బీపీ వల్ల కూడా కావచ్చు. కానీ నా అనుమానం పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మీద. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, చోక్ లాగి అలాగే వదిలేసినా పెట్రోల్ సరిగా కాలక ఇంకా ఎక్కువ వస్తుంది. పైగా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే వాష్ ఏరియాలోని పొగ ఇంట్లోకే వస్తుంది.

ఆ 98ని నమ్మకండి. వేలికి పెట్టే మీటర్ ఈ వాయువు పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. కో-ఆక్సిమెట్రీతో, అంటే రక్తంలో ఈ వాయువు ఎంత పట్టిందో విడిగా కొలిచే పద్ధతితో చేసే రక్తపరీక్షలోనే అసలు సంగతి తెలుస్తుంది. అదీ ఆలస్యం చేయకుండా. మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటల్లో రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గిపోతుంది కాబట్టి, మర్నాడు తీరిగ్గా వెళ్తే రిపోర్టు నార్మల్‌గా రావచ్చు.

అన్నిటికంటే ఆ మాత్ర వేసుకుని పడుకోవడం ఏం బాగోలేదు. జనరేటర్ నడుస్తుండగా పడుకుంటే అది నిద్రో, స్పృహ తప్పడమో పక్కనున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? మీకున్న హెచ్చరికే ఆ తలనొప్పి, దాన్నీ మాత్రతో అణిచేస్తే ఎలా? మేడ మీదికి వెళ్తే తగ్గుతోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా గమనించారా? ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

మళ్లీ అలా అనిపిస్తే ముందు అందరూ బయటికి రండి. తికమకగా మాట్లాడినా, ఛాతీ నొప్పి వచ్చినా, తూలినా 108కి ఫోన్ చేయండి. అమ్మ వయసుకు ఈసీజీ కూడా తీయించాలి. బీపీ మాత్రలు మీ అంతట మీరు మార్చొద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే లక్షణాలు లేకపోయినా చూపించాలి.

జనరేటర్ ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అవతలివైపు ఉండేలా పెట్టాలి. సెల్లార్ కూడా పనికిరాదు. ఫ్లాట్‌లో అంత జాగా ఎక్కడిది? రెండు లైట్లు, ఒక ఫ్యాన్‌కు ఇన్వర్టర్ చాలు.

ఇక చెవులకు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ సరిపోతాయి. మిషన్ అంత దూరం వెళ్తే అవీ అక్కర్లేదేమో.