కార్నర్ బిట్టుకు ‘ముందు’ ఏది? సింహద్వారం ఉన్న వైపా, పెద్ద రోడ్డు వైపా?

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో మాది 300 గజాల కార్నర్ బిట్టు. నాన్నగారు వుడా (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) ప్లాన్‌తో గ్రౌండ్ ఫ్లోర్ కట్టారు. ఆయన పోయాక కూడా ఇల్లు ఆయన పేరునే ఉంది. తూర్పున చిన్న రోడ్డు, సింహద్వారం అటే. ఉత్తరాన పెద్ద రోడ్డు. ఉత్తరం ఖాళీలో ఒక గది, పైన ఒక అంతస్తు, దానికి రోడ్డు వైపు బాల్కనీ వేయాలనుకుంటున్నాం. ఉత్తరం పక్క భాగమే కాబట్టి మీటరు వదిలితే చాలని మేస్త్రి అంటున్నాడు. ఎదురింటాయనేమో కంప్లయింట్ పెడతానంటున్నారు. మళ్లీ ప్లాన్ తీసుకోవాలా? – ఒక పాఠకుడు

జవాబు: తీసుకోవాలి. సున్నాలు, ఫ్లోరింగ్ లాంటి పనులకు ఎవరూ అడగరు గానీ గది కలిపినా, అంతస్తు వేసినా అనుమతి తప్పదు. నాన్నగారి పాత ప్లాన్ ఆయన కట్టినంతవరకే.

ఇక మేస్త్రి లెక్క. అతను సింహద్వారం చూసి ముందూ పక్కా తేల్చేశాడు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ వాళ్లకు మీ వాస్తుతో పనిలేదు. స్థలానికి రెండు రోడ్లుంటే వాటిలో వెడల్పైన రోడ్డు వైపే ముందు సెట్‌బ్యాక్, అంటే ఏమీ కట్టకుండా ఉంచే ఖాళీ, వదలాలి. గుమ్మం ఎటు పెట్టుకుంటారో మీ ఇష్టం. కాబట్టి మీరు గది వేద్దామనుకుంటున్నది పక్క సందులో కాదు, ముందు వదలాల్సిన ఖాళీలో. అక్కడ గది ఆశ వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎంత వదలాలో 2017 మార్చిలో జీవో 119తో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల పట్టిక చెబుతుంది. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఎవరి దగ్గరో ఉన్న పాత జిరాక్సు నమ్ముకోకండి. స్థలం విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, ఇంటి ఎత్తు – ఈ మూడింటిని బట్టి అంకె మారుతుంది. మీ 300 గజాలంటే సుమారు 250 చదరపు మీటర్లు. జనం మర్చిపోయేది ఎత్తు సంగతి. 7 మీటర్ల లోపు ఇంటికి సరిపోయిన ఖాళీ 10 మీటర్ల ఇంటికి చాలకపోవచ్చు. ఇప్పుడు ఒక్క అంతస్తే అనుకున్నా, పిల్లల కోసం రేపు ఇంకోటి వేసే ఆలోచన ఉంటే ఆ లెక్కా ఇప్పుడే చూపించుకోండి. బాల్కనీకి కూడా మినహాయింపు లేదు. సెట్‌బ్యాక్‌ను గోడ దగ్గర్నుంచి కాదు, బాల్కనీ అంచు నుంచి కొలుస్తారు.

కార్నర్‌కు ఇంకో కోత ఉంది. రోడ్లు కలిసే మూలను ఏటవాలుగా వదలాలి, దాన్నే స్ప్లే అంటారు. 12 మీటర్ల లోపు రోడ్లయితే 3 బై 3 మీటర్లు, రోడ్డు పెద్దదైతే ఇంకా ఎక్కువ. వుడా లేఅవుట్లలో చాలాసార్లు ఆ మూల ముందే కోసి ఉంటుంది. దస్తావేజు వెనకున్న ప్లాన్ చూడండి. లేకపోతే ప్రహరీ కూడా వెనక్కి జరగాల్సి రావచ్చు. మాస్టర్ ప్లాన్‌లో రెండు రోడ్లలో దేన్ని వెడల్పు చేస్తామన్నా, కొలత మొదలయ్యేది ఇవాళ్టి రోడ్డు అంచు నుంచి కాదు, రేపటి అంచు నుంచి. అలా పోయే జాగాకు టీడీఆర్ బాండ్ (డబ్బుకు బదులు, వేరేచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే హక్కు పత్రం) అడగొచ్చు.

దరఖాస్తు కంటే ముందు పేరు సరిచేసుకోండి. వీలునామా లేకపోతే అమ్మగారికీ, మీకూ, మీ తోబుట్టువులకూ సమాన వాటాలుంటాయి. పెళ్లయిన ఆడపిల్లలకూ అంతే. వాళ్లు రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం రాసివ్వాలి, లేదా అందరూ కలిసి దరఖాస్తు చేయాలి. చెల్లెలికి చెప్పకుండా స్లాబు వేసి, తర్వాత పార్టిషన్ దావాలో ఆ స్లాబు ఎవరిదని కొట్లాడుకునే కుటుంబాలు మా కోర్టుల్లో కొత్త కాదు.

ప్లాన్‌ను లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ (లైసెన్సున్న ఆర్కిటెక్టు, ఇంజినీరు లాంటివారు) ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టాలి. 2025లో 18 మీటర్ల లోపు భవనాలకు స్వీయ ధ్రువీకరణ కూడా వచ్చింది. దాంతో తిరుగుడు తగ్గింది గానీ, కొలత తప్పితే జవాబుదారీ మాత్రం తగ్గలేదు.

‘కట్టేశాక ఫైన్ కడితే పోతుంది’ అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మంజూరైన ప్లాన్ మీద 10 శాతం దాకా సెట్‌బ్యాక్ తేడాను జరిమానాతో వదిలే వీలుంది, కానీ ముందు వైపుకు అది వర్తించదు. మీ గది సరిగ్గా అటే వస్తోంది. బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే ప్రభుత్వ పథకం) వస్తుందిలే అని కట్టడం జూదం. 2019 పథకం 2018 ఆగస్టు 31 లోపు కట్టినవాటికే వర్తించింది. ఏళ్లు గడిచాయనో, లక్షలు పోశామనో అక్రమ కట్టడం సక్రమం కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది.

ఎదురింటాయన మీద కోపం వద్దు. ఫిర్యాదు ఆయన హక్కు. కార్పొరేషన్ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు కూడా. మంజూరైన ప్లాన్ కాపీ ఒకటి ఆయనకు చూపించండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఒకవేళ నోటీసు వస్తే తీసుకోనని తిప్పి పంపకండి, గోడకు అంటించినా అందినట్టే. గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి చోట్ల ఉన్న ఆక్రమణలకు ఆ రక్షణ లేదు. తూర్పు గుమ్మం మెట్లో, కారు ర్యాంపో రోడ్డు మీదికి వచ్చి ఉంటే ఎవరూ చెప్పకముందే మీరే లోపలికి జరుపుకోండి.