ముందు నేల మీద ఆడించు

చిరంజీవి పాపకు,

ప్రొద్దుటూరు నుంచి మీ మామ దీవించి రాసేది. కంపెనీలో కొత్త వీడియో గేమ్ తయారుచేసే పని నీకు అప్పజెప్పినారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కోడింగు నాకు తెలీదు. లెక్కల అయ్యవారిగా, అరుగు మీద పులిమేక ఆడినోడిగా తెలిసింది చెప్తా.

కంప్యూటర్ తెరవకముందే నీ ఆటను నాపబండ మీద సుద్దముక్కతో గీసి ఆడించు. పరిగెత్తే, దూకే ఆటలకు ఇది కుదరదంటావేమో. తొక్కుడుబిళ్ల ఎట్లా పుట్టిందనుకున్నావు మరి?

పులిమేకనే తీసుకో. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. బలాలు వేరు, పనులూ వేరు. పులి దూకి తినాల, మేకలు పులిని కట్టేయాల. మేకల్ని వంతుకొకటి పెట్టాల, పదిహేనూ దిగేదాకా పెట్టిన మేక కదలకూడదు. పులులు మాత్రం మొదట్నుంచీ తిరుగుతాయి. అందుకే ముందు మేకలోడికే దడ. మేక వెనక కూడలి ఖాళీగా ఉంటేనే పులి దూకగలదు కాబట్టి, వాడు ఒకదాని వెనక ఒకటి ఆనించుకుంటా పోతాడు. కాసేపటికి పులి ఆడేవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. ఆ మలుపు ఎవరూ కథ రాసి పెట్టలేదు, ఆ నాలుగు నియమాల్లోంచే వచ్చింది. మీరేమో పులి బలం ఎంతుండాలని అంకెలు సవరిస్తా కూర్చుంటారు. ఇక్కడ రెండో ఆటకు పులి, మేక మార్చుకుంటారు, అన్యాయమనే మాటే రాదు.

అష్టాచెమ్మాలో అదృష్టం ఉంది, కానీ అందరి ముందూ దొర్లుతుంది. నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎనిమిది. రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే అది పదహారింట ఒక వంతు, రెండు పడేది ఆరు వంతులు. పడిన అంకె గవ్వలది, ఏ కాయి జరపాలనేది మనది. ఫోన్ లోపల పాచిక వేసి ఓడిస్తే మాత్రం మోసమనే అంటారు. అదృష్టాన్ని చూపించు.

ఇంకొకటి, మీవాళ్లు పట్టించుకోనిది. దాగుడుమూతల్లో చిన్నపిల్లను అరటిపండు చేస్తారు కదా. దొరికినా దొంగ కాదు, ఆటలో మాత్రం ఉంటుంది. మీరు ఈజీ అని ఒక బటన్ పెడతారు. అది నొక్కినోడికి తనను పక్కన కూర్చోబెట్టినట్టే ఉంటుంది.

లెవెళ్లు, దెబ్బ తగిలితే తగ్గే హిట్ పాయింట్లు కూడా 1974లో కాగితాలతో, పాచికలతో మొదలైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నుంచే మీ ఆటల్లోకి పాకినాయని నువ్వే చెప్పినావు. అట్లని పులిమేకను ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి ఎక్కించొద్దు, అది చాలామంది చేసేసినారు.

ఆడించేటప్పుడు నువ్వు నోరు మెదపొద్దు. "ఇట్లా చేయొచ్చా?" అని ఎవరు అడిగినా రాసిపెట్టుకో. నీ నియమానికి ఓటి ఉండేది అక్కడే. సుద్దగీత చెరిపేదానికి నిమిషం పట్టదు, అదే కోడ్ మార్చాలంటే వారాలు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అట్టముక్క మీద గీసి తీసుకురా. మీ అత్తతో ఆడిద్దాం. నచ్చకపోతే మొహమాటం లేకుండా మధ్యలోనే లేచిపోతుంది.

మీ మామ